టాపు కోసిన ల్యాండ్‌మాస్టర్

కదలకుండా కూర్చోవడమే ఈ గంటకు నాకు అప్పగించిన పని. విజయనగరం కోటకు వెనకవైపు సందులో, రేకుల షెడ్డు కింద, టాపు లేని పాత కారు వెనక సీటులో బరువుగా కూర్చున్నాను. బరువుగా అన్నది అలంకారం కాదు, నా శరీరం ఇప్పుడు ఉపయోగపడుతున్నది ఆ ఒక్క గుణం కోసమే. నా కాళ్ళ దగ్గర రెండు చోళ్ళ బస్తాలు, అంటే రాగులవి, ముందు సీటులో మరో రెండు, నా పక్కన ఈ కారు యజమానురాలు దేముడమ్మ. నాలుగు తలుపుల అంచుల మీదా పెన్సిలుతో సన్నని గీతలు గీశాను, తలుపు మీద మొదలై పక్క రేకు మీద ముగిసేలా. గంటసేపు ఈ బరువు మోశాక గీతలు అతికినట్టే ఉంటే కారు నడుము గట్టిది. గీత విరిగి ఒక ముక్క కిందికి జారితే నడుము కుంగినట్టు. మూత ఉన్న అట్టపెట్టెను రెండు చివరలా పట్టి ఎత్తితే నిలుస్తుంది, మూత చించి ఎత్తితే మధ్యలో వంగుతుంది. పైకప్పు కోసేసిన కారుకూ అదే గతి, కనక మొదట చూడవలసింది రంగూ కాదు, ఇంజనూ కాదు, తలుపులు. ఇనుము వంగేదే అయితే కూర్చున్న క్షణమే వంగుతుంది కదా, గంటసేపు దేనికి అని నా బావమరిది కొండబాబు అడిగాడు. ఇనుము వెంటనే చెప్పేస్తుంది, దాని మీద పూసిన పుట్టీ మాత్రం ఆలోచించుకొని చెబుతుంది అన్నాను. అతను నవ్వుకుంటూ బ్యాటరీ తేవడానికి స్కూటరెక్కి గంటస్తంభం వైపు వెళ్ళాడు. అతను తిరిగి రావాలి, ఇంజను మోగాలి, గీతలు చూడాలి, ఆ తర్వాత నేను ఒక మాట చెప్పాలి.

ఆ మాట గురించే నా బెంగ అంతా. కొండబాబు నా భార్య ధనలక్ష్మికి తమ్ముడు. ఆమదాలవలసలో మా ఇంటికి రెండు వీధుల అవతల అతని టెంటుహౌసు ఉంది. శామియానాలు, ఇనపకుర్చీలు, పదిమంది మోస్తే గాని కదలని గుండిగలు. ఊరినిండా కల్యాణమండపాలు వెలిశాక ఆ శామియానాలు మడతలు విప్పుకోవడం మానేశాయి. ఎలుకలకు తప్ప ఎవరికీ అద్దెకు వెళ్ళడం లేదు. విశాఖపట్నంలో మధురవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాలు యజమాని అతన్ని మేనేజరుగా రమ్మంటున్నాడు, ఈ సాయంత్రానికల్లా ఏ సంగతో చెప్పమన్నాడు. ఈ ఊరేగింపు కారు కొంటే దుకాణం నిలుస్తుందని కొండబాబు ఆశ. పెళ్ళిళ్ళకు, పదవీ విరమణ చేసిన మాస్టర్లకు, సైన్యంలో సర్వీసు ముగించుకొని ఊరికి వచ్చే జవాన్లకు ఇప్పుడు ఈ ప్రాంతంలో పైకప్పు లేని బండి మీద ఊరేగింపు లేనిదే గౌరవం పూర్తి కావడం లేదు. పొద్దున్న రైల్లో అన్నాడు: "నువ్వు ఊఁ అంటే కొంతాను బావా. నేదంటే షట్టరు దించీసి ఎల్లిపోతాను. పంతులు మంచిరోజు సెప్పినాడు. మంచి బండో కాదో నువ్వు సెప్పు." అతని జీవితంలో నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి, సగం పంచాంగం, సగం నేను. జీడిపిక్కల బట్టీ వద్దన్నాను, మానుకున్నాడు. ఐసు మిషను వద్దన్నాను, మానుకున్నాడు. ఈము పక్షుల విషయంలో మాత్రం పంచాంగం నన్ను గెలిచింది. ఆ పక్షులు చాలాకాలం అతని పెరట్లో తిరుగుతూ, నేను ఎప్పుడు వెళ్ళినా గోడ మీంచి మెడ సాచి, ఈయనేనా వద్దన్నది అన్నట్టు నన్ను పరీక్షగా చూసేవి.

ఇవాళ కార్తీక సోమవారం, కొండబాబు ఉపవాసం. నక్షత్రం కనబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టడు. పరీక్షకు నా ఒక్కడి బరువు చాలదేమోనని అతనే చోళ్ళ బస్తాలు మోసుకొచ్చాడు, ఖాళీ కడుపుతో నాలుగు బస్తాలు. ఉపవాసం వల్ల పుణ్యం వస్తుందన్నదానికి నా దగ్గర ఆధారం లేదు. ఉపవాసం ఉన్నవాడు బస్తాలు మోయగలడన్నదానికి మాత్రం ఇవాళ ప్రత్యక్ష సాక్షిని. బస్తాలు ఎక్కించాక వెనక సీటులో ఇంకొకరికి చోటు మిగిలింది. వీధిలో ఎవరినైనా పిలుద్దామని నేను అంటూ ఉండగానే దేముడమ్మ చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని ఎక్కేసింది. డెబ్బై దాటిన మనిషి, గుమ్మటంలాంటి విగ్రహం, చేతికి రాగి కడియం. "పద్దాకా తుడిసినాను గాని ఎప్పుడూ కూకోనేదు మాస్టారూ. బరువు కావాలన్నారు గదా, నానూ బరువే గదా" అంది. ఆమె కూర్చోగానే సీటు స్ప్రింగులు సన్నగా మూలిగాయి, నేను వెంటనే తలుపు మీది గీత వంక చూశాను, ఆమె నా వంక చూసింది. ఏమీ కాలేదని తల ఊపాను. పోటీలో నెగ్గినంత తృప్తిగా వెనక్కి వాలింది.

ఆమె భర్త తిరుమలరావు బ్యాండు మాస్టరు, క్లారినెట్ వాయించేవాడు. ఆయన పోయి రెండేళ్ళు. ఈ కారు ఆయనదే. అంబాసిడర్‌కు అన్నలాంటి ల్యాండ్‌మాస్టర్, ఏ జమీందారు దగ్గర ఊడిగం చేసిందో తెలియదు, ఆయన చేతికి వచ్చేనాటికి కోళ్ళు కాపురం ఉంటున్నాయట. పెళ్ళిళ్ళలో గుర్రం దొరకని రోజుల్లో, బ్యాండుతో పాటు బండి కూడా తనదే అయితే బేరం రెండింతలు అవుతుందని ఆలోచించి, కటింగు పనివాడిని పిలిచి పైకప్పు కోయించేశాడు. ఆ తర్వాత కథ దేముడమ్మ నాకు పొద్దున్నే చెప్పింది, ఇప్పుడు కూర్చున్నచోటు మహిమ కాబోలు మళ్ళీ చెబుతోంది. మొదటి బేరం ఊళ్ళో బట్టలకొట్టువారి పెళ్ళి. వధూవరులు ఎక్కారు, తోడిపెళ్ళికూతురు ఎక్కింది, మేనమామ ఎక్కాడు, పిల్లలెందరో ఎక్కారు, ఊరేగింపు మూడు లాంతర్ల కూడలి దాకా దివ్యంగా సాగింది. తీరా పెళ్ళివారింటి ముందు ఆగాక తలుపులు తెరుచుకోలేదు. నాలుగూ బిగుసుకుపోయాయి. కొత్త పెళ్ళికూతుర్ని మేనమామలు చేతుల మీద పైనుంచి దింపారు, పెళ్ళికొడుకు పట్టుపంచెతో అంచు దూకబోతే పంచె పూలదండల కొక్కేనికి చిక్కుకుంది. దిష్టి అన్నారు అందరూ. గుమ్మడికాయ కొట్టారు. బరువు దిగగానే తలుపులు వాటంతట అవే తెరుచుకునేసరికి ఆ మాటకు బలం వచ్చింది. తిరుమలరావు మాత్రం, దిష్టి అయితే దిగాక పోతుందేమిటి, మనుషులు దిగితే పోయింది కనక ఇది మనుషుల బరువు అన్నాడట. ఆ మాట విన్నప్పుడు నేను ఎన్నడూ చూడని ఆ మనిషి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. కళాశాలలో ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను, ఒక కారణాన్ని తీసేస్తే ఫలితం పోతోందా చూడండి అని ప్రతి ఏడూ అదే మాట చెప్పాను. ఆ ఒక్క వాక్యాన్ని క్లారినెట్ వాయించే చేతులు తమంత తాము పట్టుకున్నాయి. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు, దేముడమ్మ కథ ముగించింది కనక.

"ఊరోలంతా దిష్టన్నారు. మా ఆయన బరువన్నాడు. రెండూ సేసినాం మాస్టారూ. నిమ్మకాయలూ కట్టినాం, అడుగున పట్టాలూ ఎట్టినాం. ఏది పనిసేసినాదో మాకేటి తెలుసు? రెండూ తీనేదు."

ముందు బంపరుకు ఇప్పటికీ నిమ్మకాయలు వేలాడుతున్నాయి, ఎండి, ముడుచుకొని, మిరియాల రంగుకు వచ్చి. కారణాలు రెండూ కలిసిపోయిన ప్రయోగం అది. సంచాలకుడు మరణించాడు, పరికరం మాత్రం నడుస్తూనే ఉంది. శాస్త్రం ప్రకారం నేను ఆ నిమ్మకాయలు విప్పించి మళ్ళీ బరువు పెట్టించాలి. విప్పమని అడగడానికి నోరు రాలేదు. ఈ కారెక్కిన జంట ఒక్కటీ విడిపోలేదని కూడా ఆవిడ అంటే, ఆ సంగతి మీకెలా తెలుస్తుందమ్మా అని నెమ్మదిగానే అడిగాను. "ఇడిపోతే డబ్బులెనక్కిమ్మని వొచ్చీవోరు గదా" అంది. ఊరూరా తిరిగి, నిమ్మకాయలోంచి నెత్తురు ఎలా కారుతుందో, నీళ్ళు పోస్తే నిప్పు ఎలా రాజుకుంటుందో ప్రదర్శనలు చేసి చూపించినవాణ్ణి. బాబాల వాదనలు ఖండించాను, వాస్తుపండితులతో వేదికల మీద తగువులాడాను. ఈ వాదనలో ఉన్న గట్టిదనం వాళ్ళెవరి దగ్గరా ఎదురుకాలేదు.

ఆ ప్రదర్శనల కాలం నాటి అయస్కాంతమే ఇప్పుడు నా జేబులో ఉంది, గుర్రపు నాడా ఆకారంలో, ఎర్రరంగు సగం ఊడి. పొద్దున్న దాన్ని పలచటి గుడ్డలో చుట్టి కారు ఒళ్ళంతా నడిపించాను. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, పైకి ఒకేలా మెరిసినా పుట్టీ నింపినచోట జారిపోతుంది. కంటికి కనబడే కారు ఒకటి, అయస్కాంతానికి తెలిసిన కారు వేరొకటి. ఎడమ ముందు మడ్‌గార్డు సగం పుట్టీ. డిక్కీ మూలల్లో, వెనక తలుపుల పక్కన తుప్పు తిన్నచోట్లన్నీ పుట్టీ. తలుపులు మాత్రం అసలు రేకే, ఆ కాలం రేకు, వేలితో మీటితే గుడిగంటలా కాకపోయినా కంచు చెంబులా పలికింది. పైన మడిచే గుడ్డ టాపు ఈ ఊరి రిక్షా టాపులు కట్టే మనిషి కట్టాడట. వెదురుబద్దల పక్కటెముకలు, మీద కాన్వాసు, అంచున రిక్షాకు వేసినట్టే పసుపు రంగు అల్లిక. విలువైన పాతకార్లను సేకరించేవాళ్ళు ఇది చూస్తే కళ్ళు మూసుకుంటారు. వాళ్ళ లెక్కలో కర్మాగారంలోనే పైకప్పు లేకుండా పుట్టిన కారుకు మూసిన కారు కన్నా ధర ఎక్కువ, పుట్టాక పైకప్పు కోయించుకున్న కారుకు మూసిన కారు కన్నా ధర తక్కువ. ఒకే శూన్యం, రెండు ధరలు. ఎవరి చెయ్యి తీసేసిందన్నదే తేడా. ఇందులో ఇంజను కూడా తర్వాతి కాలం అంబాసిడర్‌ది, డీజిలు. సీట్లు ఎర్ర మఖమలు, వెనక సీటు ఒక మెట్టు ఎత్తు, దూరంగా ఉన్నవాళ్ళకూ పెళ్ళికూతురు కనబడాలి కదా. చుట్టూ అంచు పొడుగునా పూలదండలకు కొక్కేలు. పైగా రవాణాశాఖ కాగితాల్లో ఈ కారుకు ఇప్పటికీ టాపు ఉంది. నెత్తి మీద ఆకాశం ఉన్నట్టు ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు. ఇది చిన్న దోషం కాదు, కొండబాబుకు చెప్పవలసిన వాటిలో దీన్ని ముందు వరసలో పెట్టుకున్నాను. అయినా ఈ ఎత్తు సీటు మీద కూర్చుంటే వీధి మరోలా కనిపిస్తోంది. ఎదురింటి అరుగు మీద ఆరబెట్టిన వడియాలు, మేడ మీద ఆరేసిన తెల్లటి పొందూరు పంచె, దాని నీడ గోడ మీద ఒకసారి ఉబ్బి ఒకసారి నీరసిస్తోంది. దారినపోతున్న ఒకావిడ ఆగి, ఎవరి పెళ్ళి పిన్నీ అని దేముడమ్మను అడిగింది. "కారుకే. అత్తారింటికి పోతన్నాది" అంది దేముడమ్మ, నవ్వకుండానే.

అడుగున పట్టాలు ఎట్టినాం అన్న మాటను పొద్దున్న నేను పట్టించుకోలేదు, ఏదో పట్టీ అనుకున్నాను. అయస్కాంతం తలుపుల కింది గడప దగ్గరికి వచ్చేసరికి నా చేతిలోంచి లాక్కున్నట్టు అతుక్కుంది, పీకితే గుడ్డ చిరిగింది. నేల మీద పడుకొని చూశాను. కారు పొడుగునా, రెండు వైపులా, రైలు పట్టాలు. అచ్చంగా రైలు పట్టాలు. చివర కోసినచోట ఆకారం స్పష్టంగా కనిపించింది, పైన బొడిపె, నడుమ సన్నని గోడ, అడుగున వెడల్పు పాదం, అంతా కలిపి అరచేతిలో ఇమిడేంత. ఇంత చిన్న పట్టా మన ప్రాంతంలో ఒక్క దారికే ఉండేది. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి, గుణుపురం వెళ్ళే చిన్నరైలు. దాన్ని పెద్దలైనుగా మార్చినప్పుడు పాత ఇనుము వేలం వేస్తే తిరుమలరావు రెండు ముక్కలు కొన్నాడని దేముడమ్మ చెప్పింది. ఆ రైలు నాకు తెలుసు. టెక్కలి దాటాక ఒక హాల్టులో మా నాన్న, నేను దానికోసం కూర్చునేవాళ్ళం. పాతపట్నంలో మా పెద్దమ్మ ఉండేది. ఎప్పుడొస్తుందని అడిగితే అక్కడి జెండా మనిషి, అది వచ్చినప్పుడే వస్తాది బాబూ అనేవాడు, ఆ మాటలో దేవుడి గురించి మాట్లాడేవాళ్ళ నిశ్చింత ఉండేది. నేను వెళ్ళి పట్టాకు చెవి ఆనించేవాణ్ణి. చల్లగా, నూనె వాసనగా, ఏమీ లేనట్టు ఉండేది మొదట. తర్వాత ఎక్కడో లోపల చీమ నడిచినట్టు, ఆ తర్వాత గింజలు వేపుతున్నట్టు. గాలిలో ఏ చప్పుడూ లేని సమయాన ఇనుము వచ్చేస్తోందని చెప్పేది. లేచి నిలబడి, వస్తోంది నాన్నా అనేవాణ్ణి, ఆయన నమ్మినట్టు సంచి భుజాన వేసుకునేవారు, కాసేపటికి నిజంగానే వచ్చేది. నమ్మకం వేరు, ఆధారం వేరు అని ఎవరూ చెప్పకముందే నా కుడి చెవికి తెలిసింది. ఆ ఇనుమే ఇప్పుడు నన్నూ, దేముడమ్మనూ, నాలుగు చోళ్ళ బస్తాలనూ మోస్తోంది. అవసరానికి రెండింతల ఇనుము పెట్టాడు, నిజమే, దానివల్ల డీజిలు ఎక్కువ తాగుతుంది, బ్రేకులు ఈ బరువుకు సరిపోవు. అయినా ఆకారం మాత్రం సరిగ్గా ఎంచుకున్నాడు. ఆకారానికి మించిన బలం లేదని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి, పిల్లలు రాసుకునేవారు.

జాగ్రత్త. ఇప్పుడే గమనించాను, గత కొద్దిసేపుగా నేను కారును పరీక్షించడం మాని దానితో మాట్లాడుతున్నాను. చిన్నప్పటి చెవి చల్లదనం కారు గుణం కాదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మీటరు సంగతి చూద్దాం. దేముడమ్మ అన్నిటికన్నా గర్వంగా చూపించింది ఆ మీటరునే, ఇన్నేళ్ళలో బండి నడిచిందే లేదు చూడండి అని. కొండబాబు ముఖం అది చూసి వెలిగింది. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు, ఊరేగింపు బండ్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ చేసే పొరపాటే కాబోలు. ఊరేగింపు కారు దూరం నడవదు, గంటలకొద్దీ నడుస్తుంది. కోట దగ్గరినుంచి రైల్వేస్టేషను దాకా పెళ్ళి నడిస్తే మీటరు రెండు అంకెలు తిరుగుతుంది, ఇంజను మాత్రం మొదటి గేరులో, సగం నొక్కిన క్లచ్చి మీద, గాలి తగలని రేడియేటరుతో, సన్నాయి పక్క ఒకచోట, బాణాసంచా ముందు ఒకచోట, డ్యాన్సు చేసే కుర్రాళ్ళ వెనక ఒకచోట ఆగి ఆగి రాత్రంతా వేగుతుంది. ఈ మీటరు చెప్పేది అబద్ధం కాదు, అడగని ప్రశ్నకు జవాబు. పొద్దున్న రేడియేటరు మూత తీసి వేలు పెట్టి చూస్తే తుప్పుబురద అంటింది. క్లచ్చి పూర్తిగా అరిగి ఉంటుంది, మొదటి గేరు పళ్ళు ముసలివాళ్ళ పళ్ళలా ఉంటాయి. ఇంజను విప్పించక తప్పదు. నా పదవీ విరమణ నాడు సహోద్యోగులు ఇలాంటి బండే తెప్పించారు, పూలదండలతో సహా. నేను వద్దని ఆటోలో ఇంటికి వెళ్ళాను. మానవశరీరాన్ని నడక వేగంతో ప్రదర్శించడంలో సమాచారం ఏముందని అప్పుడు అన్నాను, ఇప్పుడైనా అంటాను. కాని మా వీధి చివర ఉండే సుబేదారు మొన్న వేసవిలో సర్వీసు ముగించుకొని వచ్చినప్పుడు ఓపెన్‌టాప్ జీపు మీద నిలబడి దండం పెడుతూ వెళ్తుంటే ధనలక్ష్మి గేటు దగ్గర నిలబడి చూసింది, ఆవిడ పక్కన నేనూ నిలబడ్డాను, లోపలికి వెళ్ళాలని తోచలేదు. ఇలా జవాన్లు తిరిగొచ్చే ఇళ్ళు ఈ రెండు జిల్లాల్లో ఊరికి పదైనా ఉంటాయి. గిరాకీ ఉంటుందన్న కొండబాబు అంచనా తప్పు కాదు. ఎంత ఉంటుందో మాత్రం ఎవరూ కొలవలేదు.

దేముడమ్మ నిద్రపోయింది. ఆమె తల నెమ్మదిగా నా భుజం మీదికి వాలింది, బరువు కొద్దిగా నా వైపు మళ్ళింది, పరీక్షకు ఇబ్బంది లేదు. కదలకుండా కూర్చున్నాను. ఇప్పటిదాకా కూడగట్టినది ఒకచోట చేర్చి చూస్తే, పురాతన వస్తువుగా దీనికి విలువ లేదు. ప్రయాణ వాహనంగా ప్రమాదకరం, ఎడ్లబండి వేగం దాటితే ఈ బ్రేకులను నమ్మకూడదు. కాగితాలు సరిచేయించుకోవాలి, అది ఎంత కాలం పడుతుందో తెలియదు. ఊరేగింపుకు పనికొస్తుంది, మరమ్మతు తర్వాత. ఇదే కారును ఎవరో పరాయి మనిషి కొనబోతూ నన్ను అడిగితే ఏమంటాను? వద్దంటాను. రెండో ఆలోచన లేకుండా అంటాను. మరి పొద్దుటినుంచి నా నాలుక మీద ఊఁ అన్న అక్షరం ఎందుకు సిద్ధంగా కూర్చుంది? ఎందుకంటే కొండబాబు సాయంత్రం వేళ గేటు బయటే స్కూటరు హారను రెండుసార్లు కొడతాడు. లోపలికి వస్తూనే పీట లాక్కుని కూర్చుంటాడు, అక్క పెట్టింది తింటాడు, నక్కలు ఊళ వేస్తే వాన వస్తుందంటాడు, నేను కాదంటాను, గురువారం గోళ్ళు తీస్తే ఏమవుతుందో చెబుతాడు, నేను కాదంటాను, మా పంతులు నిన్ను చాలా గొప్పవాడన్నాడు బావా అంటాడు, అది కూడా కాదనబోయి ఆగిపోతాను, అతను తొడ కొట్టుకొని నవ్వుతాడు. హేతువాద సంఘంలో ఒకప్పుడు ఇరవైమందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు సమావేశం పెడితే కుర్చీలు ఎక్కువవుతాయి. ఒకే అభిప్రాయం ఉన్నవాళ్ళతో మాట్లాడడానికి నాకు ఏమీ మిగల్లేదు. ప్రతి సాయంత్రం నా మీద ఒక తప్పు వాదన విసిరి నన్ను బతికించే మనిషి ఇతనొక్కడే. అతను విశాఖపట్నం వెళ్ళిపోతే ఆ హారను మోగదు. ఆధారాలు తూచే తక్కెడలో ఒక పళ్ళెం కింద ఎవరో వేలు పెట్టి ఎత్తుతుంటే, ఆ వేలు నాదే.

స్కూటరు వచ్చింది. కొండబాబు బ్యాటరీని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి తీగలు తగిలించాడు. ఉపవాసం వల్ల పెదాలు ఎండి ఉన్నాయి, కళ్ళు మాత్రం పెళ్ళికొడుకువి. ఇంజను మూడోసారికి అందుకుంది, కారంతా ఒకసారి వణికి, దగ్గి, నల్లటి పొగ సందులోకి వదిలి, ఆపైన ఒక లయలో పడింది. దేముడమ్మ ఉలిక్కిపడి లేచి, తన తల ఎక్కడ ఉందో చూసుకొని కొంగు సర్దుకుంది. నేను కూర్చున్నచోటినుంచే ఒంగి గీతలు చూశాను. ఎడమవైపు అతికినట్టే ఉన్నాయి. కుడివైపు వెనక తలుపు దగ్గర పుట్టీలో వెంట్రుకంత బీట, గీత మాత్రం జరగలేదు. చెయ్యి చాపి పిడి నొక్కితే తలుపు ఇంటి తలుపంత సులువుగా తెరుచుకుంది. కొండబాబు ఇంజను ఆపి, వెనక్కి తిరిగి, సీటు మీద గడ్డం ఆనించి, నా ముఖంలోకి చూశాడు.

చెప్పాను. నడుము గట్టిదని ముందు చెప్పి, మిగతావన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను, మీటరు మోసం, క్లచ్చి, రేడియేటరు, బ్రేకులు, పుట్టీ, కాగితాల్లోని టాపు. ప్రతిదానికీ అతని ముఖం కొంచెం కొంచెంగా వాడింది, మధ్యలో అడ్డు మాత్రం పడలేదు. చివరికి, అయితే వద్దంతావా అన్నాడు. వద్దు అనడానికి నోరు తెరిచాను. లేక ఊఁ అనడానికే తెరిచానో, ఇప్పటికీ చెప్పలేను.

"నా మాట ఇవాళ నమ్మకు కొండబాబూ. నువ్వు ఎల్లిపోకూడదని నాకుంది. అది కారులో ఉన్న గుణం కాదు. అది తీసీసి లెక్కేసుకో."

దేముడమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, బస్తా మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"అది తీసీస్తే ఇంకేటి మిగుల్తాది బావా?"

తక్కువే మిగులుతుందన్నాను. ఇంజను విప్పించి, కాగితాలు సరిచేయించుకుని, నడక వేగం దాటకుండా నడుపుకుంటే ఊరేగింపులకు పనికొచ్చే ఒక పాత బండి, అడిగిన ధరలో సగానికి. అతను గడ్డం గోక్కున్నాడు. "ఆ ముక్క ఇంటికాడ సెప్పుంటే ఇంత దూరం రాకపోదును గదా" అన్నాడు, ఏ ముక్కో చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత దిగి, దేముడమ్మ వైపు వచ్చి నిలబడి బేరం మొదలుపెట్టాడు, నేను చెప్పిన దోషాలన్నీ నా వరసలోనే, దాదాపు నా మాటల్లోనే అప్పజెబుతూ. ఆమె ఒక్కొక్కదానికీ తన కాలంలో ఎక్కిన ఒక్కొక్క పెళ్ళిని అడ్డుపెట్టింది. ఇద్దరూ చాలాసేపు పోరాడి, ఇద్దరూ ఓడినట్టు నిట్టూర్చి, ఒక ధర దగ్గర ఆగారు. అది సరైన ధర కాదని నాకు తెలుసు, నేను చెప్పిన సగానికీ ఆమె అడిగినదానికీ మధ్య ఎక్కడో ఉంది. అడిగినా అంతకన్నా సరైనది ఏదో నేను చెప్పలేకపోయేవాణ్ణి.

అప్పుడే అతని ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి. షెడ్డులో సిగ్నలు సరిగా లేక గట్టిగా మాట్లాడవలసి వచ్చింది, అవతలి మాట నాకు వినబడలేదు. రాలేనండి అన్నాడు. ఏమీ అనుకోవద్దండి అన్నాడు. అవతల కారణం అడిగినట్టున్నారు. కారు మీద చెయ్యి వేసి ఉన్నాడు కదా, బండి కొన్నానని చెబుతాడనుకున్నాను, అది చెప్పడం సులువు, అది నిజం కూడా.

"దుకాణం గురించి కాదండి. మా బావ ఒగ్గనంతన్నాడు."

నా మాటగా ఎవరు ఏమి చెప్పినా, ఆ మాట నేను అనలేదనో, అలా అనలేదనో సరిచేయడం నాకు అలవాటు. నేను అతన్ని వదలనంటున్నానన్న ఈ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. సరిచేయవలసింది ఏమీ కనబడలేదు.